నూరు మిల్లీలీటర్ల పరువు

నిన్న ఇటలీలోని మోదెనాలో మా ఆఫీసు అమ్మాయి వాళ్లింట్లో భోజనం. పిలిచారు, వెళ్లాను. అందరూ ఏదో ఒక పని చేస్తుంటే ఊరికే కూర్చోలేక "సలాడ్ నేను కలుపుతా" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మంట నామీద కాదు, ఆ పేర్లు పెట్టినవాళ్లమీద. "అచేతో బాల్సమికో ది మోదెనా", అంటే మోదెనా బాల్సమిక్ వెనిగర్, అని రాసిన అర లీటరు సీసా సూపర్‌మార్కెట్లో రెండు మూడు యూరోలకే వస్తుంది. ద్రాక్షరసం, వైన్ వెనిగర్ కలిపి 60 రోజులు ఆగితే చాలు, ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ఐజీపీ ముద్ర పడిపోతుంది. మా గదిలో అది సలాడ్‌లోకీ, ఉప్మాలోకీ కూడా ధారాళంగా పోస్తాం. అదే పేరు మధ్యలో "త్రదిత్సియొనాలె", అంటే సంప్రదాయ, అని ఒక్క మాట ఇరికించి, ఇంకా కఠినమైన డీఓపీ ముద్ర వేస్తే కథే వేరు. కాచిన ద్రాక్షరసం తప్ప ఇంకేమీ పడకూడదు. చిన్నా పెద్దా పీపాల్లో, అటక మీద, కనీసం 12 ఏళ్లు. సీసా మూతికి బంగారు రంగు తొడుగుంటే 25 ఏళ్లు. అన్నదమ్ములిద్దరికీ సుబ్బారావనే పేరు పెట్టి, గుర్తుపట్టలేదని చుట్టాలను తిట్టినట్టుంది వీళ్ల వరస.

బల్లమీద ఉన్నది బంగారు తొడుగుది. అడుగున చదరం, పైన గుండ్రటి బుడ్డి, 100 మిల్లీలీటర్లు. కార్లు డిజైన్ చేసే జొర్జెత్తో జుజారో గీసిన సీసా అట. ఆకులమీద వంచాను. ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకోటి. కార్ల మనిషి కదా, బ్రేకు కూడా పెట్టాడనుకున్నాను. చూస్తే మూతికి సన్నటి గొట్టం బిగించి ఉంది. ఇంత మంచి సీసాకి ఈ అడ్డమెందుకని ఫోర్కు మొనతో పెకిలించాను. టప్‌మని ఊడింది. అప్పటికే నోన్నా, అంటే వాళ్లమ్మమ్మ, గరిటె పట్టుకుని ఆగిపోయిందట, నేను చూడలేదు. నా ధ్యాసంతా సీసామీదే. చిక్కగా, నల్లగా, కదలకుండా లోపలే ఉంది. సీసా తలకిందులు చేసి, మన ఇళ్లలో సాస్ సీసాకి పడే దెబ్బలే దాని అడుగున అరచేత్తో వేశాను. మొదటి దెబ్బకి మాటలాగిపోయాయి. రెండో దెబ్బకి తాతగారు లేచి నిలబడ్డారు. మూడో దెబ్బకి సీసాలో ఉన్నదంతా గబుక్కున గిన్నెలో పడింది. ఎట్టకేలకు వచ్చిందన్న సంతోషంతో చుట్టూ చూసి నవ్వాను కూడా.

ఎవరూ నవ్వలేదు. మా ఆఫీసు అమ్మాయి మెల్లగా చెప్పింది: కూతురు పుట్టినప్పుడు కట్నంగా పీపాలు పెట్టడం ఇక్కడి పాత ఆచారమని, ఇది వాళ్లమ్మ పుట్టినప్పుడు పెట్టిన పీపాలదని, జున్ను ముక్కమీదో స్ట్రాబెర్రీలమీదో చుక్కలు లెక్కపెట్టి వేస్తారని. ఇదంతా సీసా నా చేతికివ్వక ముందు చెప్తే నోరరిగిపోయేదా?

నోన్నా ఒక్కో ఆకూ తీసి, గిన్నె అంచుకి ఆనించి, కారినదాన్ని చెంచాతో కప్పులోకి ఎత్తడం మొదలుపెట్టింది. మిగిలిన ఆకులన్నీ నా కంచంలోకే వచ్చాయి. తాతగారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, నేను నమిలేదాకా ఆగి, ఎలా ఉందని అడిగారు.

"బావుందండీ," అన్నాను. "పులుపే కొంచెం తక్కువైంది. నిమ్మకాయేమైనా ఉందా?"