ప్లేటు మందం కన్నా ముందు తేలాల్సిన లెక్క

మిల్లుల్లో వడ్లు ఉడికించే ఆవిరి, వర్క్‌షాపుల్లో కంప్రెసర్ గాలి, రామగుండంలో యూరియా, చెల్పూరులో కరెంటు... ఉత్తర తెలంగాణలో ఎన్నో బతుకులు పీడనాన్ని పట్టి ఉంచే ఉక్కు గోడల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ గోడ ఎంత మందం ఉండాలన్నది తేలాలంటే, ఆ ఉక్కుపై ఎంత ప్రతిబలాన్ని, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు లోహం మోసే బలాన్ని, అనుమతించవచ్చో ముందు తేలాలి. చిన్న వర్క్‌షాపుల్లో ఈ లెక్కను అలవాటుకు వదిలేయడం మమ్మల్ని కలవరపెడుతోంది.

ఉదాహరణకు, పీడన పాత్రలకు వాడే ఎస్ఏ 516 గ్రేడ్ 70 ఉక్కు ప్లేటు కనీస తన్యత బలం (లాగితే తెగిపోకుండా తట్టుకునే గరిష్ఠ ప్రతిబలం) 485 మెగాపాస్కల్‌లు, ఈల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ప్రతిబలం) 260. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) పీడన పాత్రల కోడ్, అంటే నిబంధనావళి, సెక్షన్ 8 డివిజన్ 1 ప్రకారం తన్యత బలాన్ని 3.5తో భాగించగా వచ్చిన విలువ, ఈల్డ్ బలంలో మూడింట రెండు వంతులు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే అనుమతి. ఇక్కడ అది 138. లోపలి వ్యాసం 1200 మిల్లీమీటర్లు, పీడనం 1 మెగాపాస్కల్, వెల్డింగ్ జాయింట్ సామర్థ్యం (ప్లేటు బలంలో అతుకుకు లెక్కలో ఇచ్చే వంతు) 0.85 అనుకుంటే, గాలి ట్యాంకు గోడ మందం, తుప్పుకు విడిచే అదనం కాక, సుమారు 5.1 మిల్లీమీటర్లు. ప్లేటుతో వచ్చే పరీక్ష సర్టిఫికెట్‌లోని ఈల్డ్ బలం 260నే అనుమతి ప్రతిబలమని పొరబడితే అదే లెక్క 2.7 దగ్గర ఆగుతుంది. అంటే గోడ సగానికి తగ్గిపోతుంది, కాగితం మీద మాత్రం ఏ తప్పూ కనిపించదు.

వేడి పెరిగేకొద్దీ ఈ విలువలు పడిపోతాయి. విద్యుత్ కేంద్రాల్లో ఆవిరిని మరింత వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాల్లాంటి చోట్ల స్థిరమైన బరువు కిందే లోహం ఏళ్ల తరబడి మెల్లగా సాగుతూ పోతుంది కనుక, అక్కడ లక్ష గంటలకు తెగిపోయే ప్రతిబలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

1905లో అమెరికాలోని బ్రాక్టన్ చెప్పుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి 58 మంది చనిపోయాకే బాయిలర్ నిబంధనల కోసం గట్టి ప్రయత్నం మొదలైంది. తన్యత బలాన్ని భాగించే సంఖ్య, అంటే భాజకం, తొలి రోజుల్లో 5గా ఉండేది; అది 4కు, 1999లో 3.5కు తగ్గింది. ఉక్కు నాణ్యత, వెల్డింగ్, తనిఖీ మెరుగుపడినందువల్లనే ఆ తగ్గింపు సాధ్యమైంది. ఆ తనిఖీలేవీ చేయించని వాళ్లకు ఆ సడలింపును వాడుకునే హక్కు లేదు. 2.4 భాజకాన్ని అనుమతించే, అదే కోడ్‌లోని డివిజన్ 2 నుంచి ప్రతిబలాన్ని తెచ్చి డివిజన్ 1 సూత్రంలో వేయడం కూడా ఇలాంటి తప్పే. ఆ ఎక్కువ విలువ వెనుక మరింత కఠినమైన విశ్లేషణ, పరీక్షలు ఉన్నాయి.

కాబట్టి ప్రతి డ్రాయింగ్ మీద అనుమతి ప్రతిబలం, డిజైన్ ఉష్ణోగ్రత, ఆ విలువ ఏ కోడ్‌లో ఏ సంవత్సరపు కూర్పులోదో రాసి ఉండాలని కోరుతున్నాం. కొనే మిల్లు యజమానులూ అది చూశాకే డబ్బు చెల్లించాలి. ప్లేటు ఒక మూలన తెల్ల పెయింటుతో రాసిన హీట్ నంబరు, అంటే ఆ ఉక్కు ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. గ్యాస్ కట్టర్ ఆ మూలను తొలగించిందంటే మిగిలిన ముక్క ఏ ఉక్కో ఎవరూ చెప్పలేరు. కోయడానికి ముందే ఆ నంబరును మిగిలే ముక్క మీదికి ఎక్కించాలి. మరిచిపోతే, తన్యత, రసాయన పరీక్షలు చేయించి కోడ్ షరతుల ప్రకారం దాని గుర్తింపు తేల్చేదాకా ఆ ముక్కను పీడనం పట్టే ఏ పనికీ ముట్టుకోకూడదు.