ఒకే ఇంట్లో రెండు ఉపవాసాలు

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి దాటి ఇంకా లోపలికి వస్తే, కొండ మొదట్లో తారు రోడ్డు అయిపోయే చోట మా ఊరు. బస్సు ఒక్కటే. రాత్రి ఎనిమిదింటికి వచ్చి రావిచెట్టు కింద పడుకుంటుంది, పొద్దున్న ఐదున్నరకి లేచి పోతుంది. సూర్యనారాయణ గారు అలాంటి బస్సుల్లోనే కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య పార్వతి గారు ఈమధ్య బౌద్ధం నేర్చుకోవడం మొదలుపెట్టారు. విశాఖలో ఉన్న కూతురు ఫోన్లో ప్రసంగాలు పంపుతుంది. సిగ్నల్ డాబా మీద ఈశాన్యం మూల నిలబడితేనే వస్తుంది, అదీ దాని మనసు బాగుంటే. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య ఉన్నది ఒక మునగచెట్టు. కాబట్టి ఈ మాటలు నేను విన్నాననడం కంటే వినక తప్పలేదనడం న్యాయం.

కార్తీక పౌర్ణమి. పొద్దున్న పదకొండున్నర. ఆమె అన్నం తింటోంది. ఆయన తినడం లేదు.

సూర్యనారాయణ: కార్తీక పున్నమి నాడు ఇంటాయన పస్తుంటే, ఎదురుగా కూర్చుని ఆనపకాయ పులుసు కలుపుకుంటున్నావు. నేను కంటికి ఆనుతున్నానా?

పార్వతి: నాకూ ఇవాళ ఉపవాసమే.

సూర్యనారాయణ: తింటూనా?

పార్వతి: ఉపోసథం అంటారు. పున్నమికి ఎనిమిది శీలాలు, అంటే నియమాలు, పాటించాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే మళ్ళీ తెల్లారేదాకా తినకూడదు. మాట్లాడించకండి, టైమైపోతుంది.

సూర్యనారాయణ: మనవాళ్ళు పగలంతా పస్తుండి చుక్క కనిపించాక తింటారు. మీవాళ్ళు పగలు తినేసి చుక్క కనిపించాక పస్తుంటారా? ఏటీ లెక్క? ఈ ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ ఎవరో ఒకరు ఉపవాసమే. బియ్యం బస్తా మాత్రం నెల తిరక్కుండా అయిపోతుంది.

పార్వతి: ఇంకొంచెం పులుసు అందుకుంటారా?

సూర్యనారాయణ: నీ శీలాల సంగతి నాకు తెలీదా! మొన్న చీటీలాయన వస్తే లేనని చెప్పమన్నాను. ఏం చెప్పావు?

పార్వతి: ఉన్నారని చెప్పాను. ముసావాదా వేరమణీ. నాలుగోది. అబద్ధం ఆడకూడదు.

సూర్యనారాయణ: ఉన్నానని చెప్పి ఊరుకున్నావా? "ధాన్యం బస్తాల వెనకాల ఉన్నారు, కాలు కనిపిస్తోంది చూడండి" అన్నావు. కాలు సంగతి కూడా చెప్పమని ఉందా అందులో?

పార్వతి: లేదు. అది నేను కలిపాను.

ఇక్కడ 'టప్' మని చప్పుడు. దోమల బ్యాట్.

పార్వతి: ఓలమ్మ! మళ్ళీనా? మొదటిదే అది. ప్రాణం తీయకూడదు.

సూర్యనారాయణ: అది నన్ను కుట్టింది. దానికి లేదా శీలం?

పార్వతి: అది ఇంకా నేర్చుకోవడం మొదలెట్టలేదు.

సూర్యనారాయణ: అయినా ఈ కొండ మూల నీకు గురువెవరే? ఏదైనా నేర్చుకోవాలంటే ఒక గుడో, ఒక పంతులో ఉండాలి. ఫోను పట్టుకుని డాబా ఎక్కితే వచ్చేస్తుందా?

పార్వతి: మన జిల్లాలో లేనిదేటి? శాలిహుండం లేదా? వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారే కనిపెట్టారు.

సూర్యనారాయణ: నాకు చెప్తావేటి, గార రూట్లో డ్యూటీ చేసినవాణ్ణి. పైన ఇటుకలు తప్ప ఏమీ లేవు. నా సర్వీసులో ఒక్క భిక్షువు ఎక్కింది లేదు, దిగింది లేదు.

పార్వతి: మీ సర్వీసుకి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందే దిగిపోయారు వాళ్ళు. దంతపురి మాటో? బుద్ధుడి దంతం కళింగంలోనే ఉండేదట. సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోటే ఆ ఊరంటారు.

సూర్యనారాయణ: మరి ఆ పన్నేదీ?

పార్వతి: శత్రువులు వస్తున్నారని రాకుమారి హేమమాల జడలో దాచుకుని సింహళం పట్టుకుపోయిందని కథ. ఇప్పుడు శ్రీలంకలో కాండీలో గుడి కట్టి పూజలు చేస్తున్నారు.

సూర్యనారాయణ: అదీ! జిల్లాకి ఉన్న ఒక్క పన్నునీ ఆడవాళ్ళే దాటించేశారు. లగేజీ టికెట్టు కూడా లేకుండా! పోయిన నెల టెక్కలిలో నేనూ పన్ను పీకించుకున్నాను. దానికి గుడి కట్టారా ఎవరైనా?

పార్వతి: కిటికీలో పొట్లం కట్టి ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బతికున్న గురువులు కావాలంటే ఒడిశాలో పర్లాకిమిడి దాటి చంద్రగిరి పోవాలి. టిబెట్ నుంచి వచ్చినవాళ్ళు 1960ల నుంచి అక్కడే ఉంటున్నారు. జిరంగలో పెద్ద విహారం కట్టారు. 2010లో దలైలామా గారే వచ్చి ప్రారంభించారు.

సూర్యనారాయణ: టిబెట్ వాళ్ళంటే స్వెట్టర్లు అమ్మేవాళ్ళా?

పార్వతి: స్వెట్టర్లు అమ్మితే ధర్మం తెలీకూడదా? కాకపోతే బౌద్ధంలో వాళ్ళ దారి మహాయానంలో వజ్రయానం. నేను వింటున్న దారి థేరవాదం.

సూర్యనారాయణ: యానం అంటే బండే కదా? మహాయానం అంటే పెద్ద బండి. అంటే ఎక్స్‌ప్రెస్సు. మరి నీది పల్లెవెలుగన్నమాట. ఆగి ఆగి పోతుంది.

పార్వతి: ఆగి ఆగి పోయినా చేరుస్తుంది.

ఈ మాటకి ఆయన వెంటనే బదులు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పల్లెవెలుగులో తిరిగిన మనిషి కదా, ఏమంటాడు! తర్వాత గొంతు కాస్త తగ్గింది.

సూర్యనారాయణ: అక్కడికి వెళ్తే తిరిగొస్తావా? సిద్ధార్థుడు 29 ఏళ్ళకి అర్ధరాత్రి పెళ్ళాం బిడ్డని వదిలేసి పోయాడని చిన్నప్పుడు పాఠంలో చదివాను.

పార్వతి: ఆయనకి కంథకం అని గుర్రం ఉంది. వెంట సారథి ఛన్నుడున్నాడు. నాకు అర్ధరాత్రి ఎవరున్నారు? వెళ్తే ఐదున్నర నైట్ హాల్టు బస్సే.

సూర్యనారాయణ: ఆ, దానికీ టికెట్టు లేదు మీకు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ.

పార్వతి: అరె, అవును కదా! జీరో టికెట్టు. నాకు తట్టలేదు చూశారా.

సూర్యనారాయణ (నాలుక కరుచుకుని): పాతపట్నం వరకే. ఒడిశాలో చెల్లదు.

పార్వతి: పాతపట్నం నుంచి పర్లాకిమిడి ఎంత, నడిచి పోవచ్చు.

సాయంత్రం చంద్రుడు కొండ మీదికి వచ్చాడు. దీపాలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయన కంచం ముందు కూర్చున్నాడు. నేను మునగాకు కోసుకునే పనిలో ఉన్నాను. ఆ వేళప్పుడు మునగాకు ఎవరు కోస్తారని అడక్కండి.

సూర్యనారాయణ: కూరలో ఉప్పు లేదు.

పార్వతి: రుచి చూడ్డానికి వీల్లేదు. పన్నెండు దాటింది.

సూర్యనారాయణ: పొద్దుట్నించి కడుపు మాడ్చుకున్నవాడికి ఉప్పు లేని కూరా? పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయింది, నా పస్తు సంగతి పట్టదు, నా నాలుక సంగతి పట్టదు...

పార్వతి: ఆ తిట్లు నేను తీసుకోవడం లేదు. మీ దగ్గరే ఉంచుకోండి.

సూర్యనారాయణ: ఏటీ?

పార్వతి: ఒకాయన బుద్ధుడి దగ్గరికి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడట. బుద్ధుడు అడిగాడు, మీ ఇంటికి చుట్టాలొస్తే వడ్డిస్తావా అని. వడ్డిస్తానన్నాడు. వాళ్ళు తినకపోతే ఆ వంట ఎవరిదవుతుంది? నాదే అన్నాడు. అలాగే ఈ తిట్లు నేను తీసుకోలేదు, నీవే అన్నాడు.

సూర్యనారాయణ: బాగుంది. అయితే ఈ కూర కూడా నేను తీసుకోలేదు. నీదే. పట్టుకుపో.

పార్వతి: పన్నెండు దాటాక నేనెలా తీసుకుంటాను?

కూర చివరికి గేదె తీసుకుంది. ఆయన ఆవకాయతో కానిచ్చాడు. ఆమె గోడకి ఆనకుండా కూర్చుని కళ్ళు మూసుకుంది.

సూర్యనారాయణ: నిద్రపోతున్నావా?

పార్వతి: ఆనాపాన. ఊపిరి లెక్కపెడుతున్నాను. ఒకటి నుంచి పది. తప్పితే మళ్ళీ ఒకటి. నాలుగు దగ్గర మీరు పిలిచారు.

సూర్యనారాయణ: నెల రోజుల నుంచి నాలుగులోనే ఉన్నావా? పండగ రద్దీలో తొంభై మందిని నిలబడి లెక్కపెట్టినవాణ్ణి, పది నాకొక లెక్కా? జరుగు.

చాలాసేపు నిశ్శబ్దం. మా ఇంట్లో వాళ్ళు కూడా భయపడ్డారు.

పార్వతి: ఎంతదాకా వచ్చింది?

సూర్యనారాయణ: మూడు దగ్గర చీటీ డబ్బులు గుర్తొచ్చాయి.

పార్వతి: మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టండి.

సూర్యనారాయణ: మళ్ళీ మొదలెట్టాను. ఈసారి రెండు దగ్గరే ఆయన ఎదురొచ్చాడు.

తొమ్మిదయింది. ఆమె నేల మీద చాప పరుచుకుంది. ఎత్తయిన మంచం ఎక్కకూడదన్నది ఎనిమిదో శీలం. ఆయన మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. మంచం కిర్రుకిర్రుమంది. రావిచెట్టు కింద బస్సు డ్రైవరు దగ్గడం వినిపించింది.

సూర్యనారాయణ: పార్వతీ, నీ ఆధార్ కార్డు ఎక్కడుంది?

పార్వతి: బీరువాలో. ఇప్పుడెందుకు?

సూర్యనారాయణ: ఏం లేదు. నా దగ్గరుంటే భద్రం కదా అని.

పార్వతి: అదిన్నాదానా వేరమణీ. రెండోది. ఇవ్వనిది తీసుకోకూడదు.

సూర్యనారాయణ: అయితే ఇచ్చెయ్.

పార్వతి: ఇచ్చాను, తీసుకోండి. ఎర్ర పర్సులో ఉంటుంది. ఓటరు కార్డు చూపించినా టికెట్టు కొడతారట.

కాసేపు మాట లేదు. తర్వాత బీరువా తలుపు తీసిన చప్పుడు.

సూర్యనారాయణ: అదెక్కడుంది?