వడ్ల కుప్ప మీద వార్ రూమ్

మన దేశానికి త్రివిధ దళాలున్నాయని బడి పుస్తకాల్లో ఉంటుంది. నాలుగో దళం నల్లగొండ జిల్లాలో, మా ఊరి వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో ఉందన్న సంగతి మాత్రం ఇప్పటిదాకా రహస్యంగానే ఉంది. 2025 మే 7 తెల్లవారుజామున మనవాళ్ళు సరిహద్దు అవతల తొమ్మిది ఉగ్రవాద స్థావరాలను కొట్టారు. ఆ పూట నుంచే ఈ దళమూ రంగంలోకి దిగింది. యాసంగి వడ్లు పోసి పన్నెండు రోజులైనా కాంటా కాలేదు కాబట్టి సిబ్బందికి కొదవ లేదు.

8వ తేదీ రాత్రి యుద్ధం మంచి పట్టు మీదుంది. కుప్ప మీద దుప్పటి, దుప్పటి మీద మా మామ, మామ ఛాతీ మీద సెల్‌ఫోన్. టీవీ స్టూడియోలో సైరన్ మోగింది. కరాచీ పోర్టు పోయిందన్నారు. కాసేపటికి ఇస్లామాబాదూ మనదే అన్నారు. "ఇగ లాహోర్ ఎంతసేపు!" అని మామ బీడీ ముట్టించాడు.

తెల్లారి చూస్తే పోర్టు పోర్టు కాడనే ఉంది. గాలిదుమారానికి కొట్టుకుపోయింది మా టార్పాలిన్ పట్టా ఒక్కటే.

శత్రు విమానాలనైనా రాడార్ పట్టుకుంటుందేమో గానీ, మా సెంటర్ ఇన్‌చార్జి ఎవరికీ చిక్కడు. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. బస్తాకు తరుగు తీసేటప్పుడు మాత్రం గురి తప్పడు.

9వ తేదీన సత్యసాయి జిల్లా తండా జవాను ఒకరు ఎల్‌ఓసీ దగ్గర కాల్పుల్లో పోయాడని వార్త వచ్చింది. ఆ కాసేపు కుప్పల మీద ఫోన్ల సౌండ్ తగ్గింది. అన్నం ముందు పెట్టుకొని మామ చాలాసేపు కలపలేదు.

10న సాయంత్రం కాల్పుల విరమణ. అదీ మనవాళ్ళ కన్నా ముందు ట్రంప్ చెప్పాడు. "ఒక్క మాట మనల్ని అడగాలె గదా!" అని మామ రుసరుసలాడాడు.

నాకు నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. 2023 నవంబర్‌లో, తెల్లారితే మన అసెంబ్లీ పోలింగ్ అనగా, ఆంధ్రా పోలీసులు డ్యామ్ మీదికొచ్చి 26 గేట్లలో 13 మావేనని ముళ్ళకంచె వేశారు. కుడి కాలువకు నీళ్ళు వదిలారు. చివరికి సీఆర్‌పీఎఫ్ వచ్చి కాపలా కాసింది. మా ఊరికి ఆ సరిహద్దు గంట దూరం. అప్పుడెందుకు పోలేదు మామా అన్నాను.

"ఆడ పోలీసులు నిజంగనే కొడ్తరు అల్లుడూ" అని దుప్పటి కప్పుకున్నాడు.