కఫీల్‌కూ గామ్కా మెడికల్ చేయించాలి

వలసల విషయంలో అరబ్ దేశాల మధ్య ప్రాంతీయ సహకారం కొరవడిందని పండితులు వాపోతూ ఉంటారు. వారు ఒక్క పొద్దున వచ్చి గల్ఫ్ వీసా కోసం వైద్య పరీక్షలు చేసే గామ్కా మెడికల్ సెంటర్ ఏదైనా హైదరాబాద్‌లో చూసుకుని దాని ముందు నిలబడి చూడాలని నా సవినయ మనవి. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన మనిషి పరగడుపున వరుస కట్టి, రక్తమిచ్చి, చొక్కా విప్పి ఎక్స్‌రే పలకకు ఛాతీ ఆనిస్తాడు. ఎప్పుడో వచ్చి మందులతో నయమైపోయిన క్షయ ఊపిరితిత్తిలో చిన్న మచ్చ వదిలి వెళ్లి ఉంటే చాలు, అతడు ‘అన్‌ఫిట్’ అయిపోతాడు. సౌదీ వీసా కోసం వచ్చినవాడికి సౌదీతో పాటు కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్, ఎమిరేట్స్ తలుపులన్నీ మూసుకుంటాయి. (ఈ వ్యవస్థ పేరును ఇప్పుడు వాఫిద్‌గా మార్చారు గానీ మన ఊళ్లలో అది ఇంకా గామ్కాయే.) 2017 నుంచి మూడున్నరేళ్ల పాటు సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ దేశాలు ఖతార్‌తో మాటలు మానేసి విమానాలు కూడా ఆపేసిన సంగతి పాఠకులకు గుర్తే. అంతటి అన్నదమ్ములు మనవాడి ఊపిరితిత్తి మచ్చ మీద మాత్రం ఏకాభిప్రాయానికి రాగలిగారంటే, దానిని సహకారం అనక ఏమనాలి?

మాట్లాడుకునే సహకారం వేరే ఉంది. దాని పేరు అబుదాబి డైలాగ్. కూలీలను పంపే ఆసియా దేశాలూ, వారిని పిలిపించుకునే గల్ఫ్ దేశాలూ 2008 జనవరిలో అబుదాబిలో మొదలుపెట్టిన ఈ సంభాషణ మనీలా, కువైట్, కొలంబోల మీదుగా సాగి, 2019, 2021, 2024 సమావేశాలతో దుబాయ్‌లో స్థిరపడింది. పాల్గొనడం స్వచ్ఛందం, తీర్మానాలకు ఎవరూ కట్టుబడనక్కరలేదు. శాశ్వత సచివాలయం ఎమిరేట్స్ మానవ వనరుల శాఖ చేతిలోనే ఉంది కాబట్టి గహ్వాకు (అరబ్బు కాఫీకి), ఖర్జూరాలకు లోటుండదు. నైపుణ్యాల గుర్తింపు, న్యాయమైన నియామకాలు, ప్రయాణానికి ముందు అవగాహన వంటి గంభీర విషయాల మీద మంత్రులు అంతే గంభీరంగా చర్చిస్తారు. కూలీ మచ్చను ఆరు దేశాలకు చేరవేసే కంప్యూటర్‌లోనే జీతం ఎగ్గొట్టిన కఫీల్ (వీసా ఇచ్చి కూలీని పిలిపించుకునే యజమాని) పేరునూ చేరవేయవచ్చునన్న చిన్న సంగతి మాత్రం ఇన్నేళ్లలో వారికి తట్టలేదు.

అందుకే ఈ ప్రతిపాదన. వీసా తీయదలచిన ప్రతి కఫీల్ ముందుగా హైదరాబాద్ వచ్చి, తెల్లవారుజామున టోకెన్ తీసుకుని, ఏమీ తినకుండా వరుసలో కూర్చోవాలి. అతడి పేరును మూడు రకాలుగా తప్పు పలికిన కాంపౌండర్ చివరికి ‘ఏయ్, నువ్వే, లోపలికి రా’ అని పిలవగానే వెళ్లి, ఒంటి మీది పొడవాటి తెల్లని తోబ్ విప్పి ఎక్స్‌రే పలకకు ఆనుకోవాలి. ఫిల్ములో బీరువా కనబడి, అందులో ఇతరుల పాస్‌పోర్టులు పేర్చి ఉన్నట్టు తేలితే అన్‌ఫిట్. రక్తంలో ఆరు నెలల జీతం బకాయి తేలితే అన్‌ఫిట్. జీతం అడిగినవాడి మీద ‘పారిపోయాడు’ అని హురూబ్ ఫిర్యాదు పెట్టిన ఆనవాళ్లు మూత్రంలో కనిపిస్తే శాశ్వతంగా అన్‌ఫిట్. ‘అయ్యా, అది పాత మచ్చ, 2016 నాటిది, అప్పుడు చమురు ధర పడిపోయింది, జెద్దా క్యాంపుల్లో వేలమంది భారతీయ కూలీలు జీతాల్లేక, తిండి లేక పడి ఉన్నది నిజమే గానీ ఇప్పుడు పూర్తిగా నయమైంది’ అని అతడు బతిమాలవచ్చు. డాక్టరుగారు తలైనా ఎత్తకుండా ‘మచ్చ మచ్చే’ అని తర్వాతి టోకెన్ పిలుస్తారు. ఫీజు వాపసు ఇవ్వబడదు. అప్పటికే ఏజెంటుకు లక్షకు పైగా కట్టి ఉంటే, అదీ నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఉంటే, అది అతడి ఇంటి సమస్య. చట్ట ప్రకారం ఏజెంటు తీసుకోవలసింది 30,000 రూపాయలూ దాని మీద జీఎస్టీ మాత్రమేనన్న బోర్డు గోడ మీద ఉండనే ఉంటుంది. అతడు బయటికి వచ్చేసరికి రియాద్ నుంచి మస్కట్ దాకా అన్ని కంప్యూటర్లలో అతడి పేరు ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. అతడు మాత్రం ఇంటికి ఫోన్ చేసి భార్యకు ఏమని చెప్పాలో తోచక బస్టాండులో కూర్చుంటాడు.

అయితే కఫీల్ ఒక్కడినే వరుసలో నిలబెడితే అన్యాయమవుతుంది. కూలీలను పంపే ఆసియా దేశాలకు 2003 నుంచే కొలంబో ప్రాసెస్ అనే సొంత వేదిక ఉంది. పోటీలు పడి తమ మనుషుల రేటు తగ్గించుకోకుండా అందరూ ఒక కనీస జీతం మీద గట్టిగా నిలబడటానికి అంతకంటే మంచి చోటు దొరకదు. మరి 2020లో ఏం జరిగింది? కరోనా వేళ నడిపిన వందే భారత్ విమానాల్లో మనవాళ్లు నెలల జీతమూ, సర్వీసు డబ్బులూ అక్కడే వదిలేసి ఒట్టి చేతులతో దిగుతున్నారు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే మన విదేశాంగ శాఖ, గల్ఫ్‌కు వెళ్లే కూలీకి ఇవ్వాల్సిన కనీస జీతాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోస్తూ సర్క్యులర్లు పంపింది. సౌదీకి 324 డాలర్లు, కువైట్‌కు 245, మిగతా నాలుగు దేశాలకు 200. తగ్గించకపోతే ఆ ఉద్యోగాలు వేరే దేశాల వాళ్లకు పోతాయట! బాకీ వసూలు చేసి పెట్టమని వచ్చినవాడితో ‘నీ రేటే తగ్గించాను పో’ అన్నారన్నమాట. ఎర్రటి ఎండలో సెంట్రింగ్ కట్టే మనిషికి నెలకు 200 డాలర్లు చాలునని ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని రాసిన చేతికి సిగ్గుండొద్దా? ఆ సర్క్యులర్లు 2021 జూలైలో వెనక్కి పోయాయి. అదీ వలస కార్మికుల కోసం పనిచేసేవాళ్లు తెలంగాణ హైకోర్టుకెక్కి వెంటపడ్డాక.

ఇక వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒప్పందం ఒకటుంది. తమ మనుషులను బయటికి పంపే ఈజిప్టు, మొరాకోలు 1993లోనే అందులో చేరాయి. ఆరు గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ చేరలేదు. ఆ ఆరింటిలో దాదాపు 90 లక్షల మంది మనుషులున్న భారతదేశమూ చేరలేదు. అబుదాబి డైలాగ్ వచ్చే సమావేశంలో మన మంత్రి లేచి గట్టిగా మాట్లాడాలని ఆశించేవారు ముందుగా ఆ సంతకం సంగతి ఢిల్లీలో విచారించగలరు. మూడు దశాబ్దాలు దాటింది, కలంలో సిరా అయిపోయిందేమో.