కొడాక్ డిజిటల్ కెమెరాని దాచిపెట్టలేదు, ఊరంతా అమ్మింది

వాట్సాప్‌లో ఏడాదికోసారైనా తిరిగొచ్చే పోస్టు ఒకటుంది. "1998లో కొడాక్‌లో 1,70,000 మంది ఉద్యోగులు. ప్రపంచంలో అమ్ముడయ్యే ఫోటో పేపర్‌లో 85 శాతం వాళ్లదే. కొద్ది ఏళ్లలోనే వ్యాపారం మాయమై దివాలా తీసింది. ఇంకో మూడేళ్లలో ఫిల్మ్ మీద ఫోటో తీయడం పోతుందని 1998లో ఎవరైనా అనుకున్నారా? డిజిటల్ కెమెరా 1975లోనే పుట్టింది. మొదట 10,000 పిక్సెళ్లే, తర్వాత మూర్ సూత్రం (చిప్ మీద పట్టే భాగాలు సుమారు రెండేళ్లకోసారి రెట్టింపవుతాయన్న అంచనా) ప్రకారం పెరిగింది. రేపు మీ ఉద్యోగానికీ ఇదే గతి." ఇదీ దాని సారాంశం. చేతులు మారేకొద్దీ దీనికి ఇంకో ముక్క కూడా అతుక్కుంది. డిజిటల్ కెమెరాని కనిపెట్టింది కొడాకే, ఫిల్మ్ అమ్మకాలు దెబ్బతింటాయని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది అని.

ఆఫీసు ట్రైనింగుల్లో, కాలేజీ సెమినార్లలో దీన్ని పాఠంలా చెబుతున్నారు. ఇందులో నిజం కొంతే ఉంది. ముందు ఆ దాచిపెట్టిన కథ సంగతి చూద్దాం, ఎక్కువమంది నమ్మేది అదే కాబట్టి.

1975 డిసెంబర్‌లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న కొడాక్ ల్యాబ్‌లో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీర్ చేసిన పెట్టె సుమారు మూడున్నర కిలోల బరువుంది. 100కి 100 పిక్సెళ్ల బొమ్మ, అదీ నలుపు తెలుపు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే టీవీకి తగిలించాలి. పైవాళ్లు దాన్ని చూసి ఉత్సాహపడలేదు, బయట ఎవరికీ చెప్పొద్దన్నారు అని సాసనే తర్వాత చెప్పాడు. పోస్టులో నిజమున్న భాగం ఇదే. కానీ 1978లో అదే యంత్రానికి కొడాక్ అమెరికా పేటెంట్ తీసుకుంది. పేటెంట్ అంటే పనిచేసే తీరంతా బొమ్మలతో సహా లోకానికి చూపించే కాగితం. దాచుకునేవాడు ఆ పని చేయడు. పైగా అప్పుడు దాన్ని అమ్మకానికి పెడితే కొనేదెవరు? ఇళ్లలో కంప్యూటర్లు లేవు, మెమరీ కార్డులు లేవు.

ఆ తర్వాత జరిగినవి పోస్టులో ఒక్కటీ లేవు. ఇవాళ మీ చేతిలోని ఫోన్ కెమెరా రంగులు చూడగలుగుతోందంటే, చాలావరకు సెన్సార్ (వెలుతురు పట్టి బొమ్మగా మార్చే చిప్) మీద ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల అమరిక వల్ల. దాన్ని తయారుచేసింది కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్, పేటెంట్ వచ్చింది 1976లో. పది లక్షల పిక్సెళ్లు దాటిన సెన్సార్ 1986లో కొడాక్‌లోనే తయారైంది. 1991లో నికాన్ ఎఫ్3 అనే రీలు కెమెరా బాడీకి 13 లక్షల పిక్సెళ్ల సెన్సార్ బిగించి పత్రికా ఫోటోగ్రాఫర్లకి అమ్మింది. 1994లో ఆపిల్ పేరుతో వచ్చిన క్విక్‌టేక్ 100ని తయారుచేసిందీ కొడాకే.

ఇక మామూలు జనం కొన్న కెమెరాలు. క్విక్‌టేక్ ధర 749 డాలర్లు. మంచి క్వాలిటీలో పట్టేది 8 ఫోటోలు. తీసిన బొమ్మ చూసుకోవడానికి వెనక స్క్రీన్ ఉండదు, కంప్యూటర్‌కి కలిపేదాకా ఏం వచ్చిందో తెలియదు. ఒక ఫోటో వద్దనుకుంటే అదొక్కటే తీసేసే వీల్లేదు, చెరిపితే అన్నీ పోతాయి. 1995లో కొడాక్ సొంత పేరుతో డీసీ40 తెచ్చింది. వెయ్యి డాలర్లకి కాస్త తక్కువ, 48 ఫోటోలు, దానికీ స్క్రీన్ లేదు. సీరియల్ కేబుల్ తగిలించి ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. అయినా కొన్నవాళ్లు వాడారు. స్థిరాస్తి ఏజెంట్లు ఇళ్ల ఫోటోలకి, బీమా వాళ్లు దెబ్బతిన్న కార్ల ఫోటోలకి వాడారు. వాళ్లకి కావాల్సింది అందమైన ఫోటో కాదు, సాయంత్రంలోపు కంప్యూటర్‌లో ఉండే ఫోటో.

1997లో వచ్చిన డీసీ210తో పది లక్షల పిక్సెళ్లు, జూమ్, వెనక స్క్రీన్, తీసి పెట్టుకునే కార్డు అన్నీ ఇంటి వాడకానికి అందాయి. దానితోపాటు బ్యాటరీల గోల మొదలైంది. స్క్రీన్ వెలుగుతుంటే నాలుగు పెన్సిల్ సెల్స్ చూస్తుండగానే అయిపోయేవి. స్క్రీన్ ఆపేసి పైనున్న చిన్న కిటికీలోంచి చూసి తీయాలనీ, మామూలు సెల్స్ మానేసి ఛార్జింగ్‌వి కొనుక్కోవాలనీ వాడినవాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇంకో ఇబ్బంది, బటన్ నొక్కాక క్షణం ఆగి ఫోటో పడేది. ఆ క్షణంలో పిల్లాడు తల తిప్పేవాడు. ఇలాంటి లోపాలు ఆ కాలంలో అన్ని కంపెనీల కెమెరాల్లోనూ ఉన్నాయి.

2001లో కొడాక్ ఈజీషేర్ కెమెరాలు వచ్చాయి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాచిపెట్టిందన్న మాటకి జవాబు ఇందులోనే ఉంది. కంప్యూటర్ పక్కన ఒక చిన్న పీట లాంటి డాక్. కెమెరాని దాని మీద కూర్చోబెట్టి ఒక బటన్ నొక్కితే ఫోటోలు వాటంతటవే కంప్యూటర్‌లోకి వెళ్తాయి. అక్కడే బ్యాటరీ కూడా ఛార్జ్ అవుతుంది. కెమెరా మీద షేర్ అనే బటన్ ఉండేది. ఏది ప్రింట్ తీయాలో, ఏది ఈమెయిల్ చేయాలో అక్కడికక్కడే గుర్తు పెట్టుకోవచ్చు. కంప్యూటర్ ముట్టని పెద్దవాళ్లు కూడా వాడేశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి అమెరికా వెళ్లిన మనవాళ్లు కొందరు మొదట కొన్న డిజిటల్ కెమెరా ఇదే. సెలవులకి వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చి అమ్మానాన్నలకి ఇచ్చి వెళ్లారు. 2005 నాటికి అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో కొడాక్ మొదటి స్థానంలో ఉంది. అమ్మకాల్లో ఒకటో స్థానానికి వెళ్లిన కంపెనీని పట్టుకుని డిజిటల్‌ని దాచేసింది అనడం ఏం న్యాయం?

మరి ఎందుకు పడిపోయింది? రీలు కెమెరా వాడిన ఇల్లయితే దీనికి జవాబు తేలిగ్గా తెలుస్తుంది. కొడాక్ కేబీ-10 లాంటి రీలు కెమెరా మీద కంపెనీకి వచ్చేది తక్కువ. దాంట్లో వేసే రీలు మీద, రీలు కడిగే రసాయనాల మీద, ప్రింట్ వేసే పేపర్ మీద వచ్చేదే అసలు లాభం. ఒక పెళ్లికి ఎన్ని రీళ్లు! 36 ఫోటోల రీల్లో జాగ్రత్తగా ఎక్కిస్తే 37వది, 38వది కూడా పడుతుందని చూసుకున్న రోజులవి. బాగా వచ్చినా రాకపోయినా ప్రతి ఫోటోకీ ఎంతో కొంత కొడాక్‌కి ముట్టేది. డిజిటల్ కెమెరా కొన్నవాడు మళ్లీ ఆ కంపెనీ నుంచి ఏమీ కొనక్కర్లేదు. నాలుగొందల ఫోటోలు తీస్తాడు, నాలుగు ప్రింట్ వేయిస్తాడు. కెమెరా అమ్మకంలో సోనీ, కానన్‌తో ధరల పోటీ, మిగిలేది అంతంత మాత్రం. ఆ తర్వాత ఫోన్లు వచ్చి ఆ కెమెరాని కూడా అనవసరం చేశాయి. కొడాక్ కళ్లు మూసుకోలేదు, డిజిటల్‌లోకి దిగింది. అక్కడ మునుపటి లాభం లేదు, అంతే. నా ఉద్దేశంలో ఇది ఆ పోస్టు చెప్పేదాని కంటే ఎంతో ఆలోచించాల్సిన విషయం, కానీ ఫార్వర్డ్ చేయడానికి అంత రుచిగా ఉండదు.

ఇప్పుడు అంకెలు. 1,70,000 మంది ఉద్యోగులు కొడాక్‌లో ఎప్పుడూ లేరు. అత్యధికంగా ఉన్నది 1988లో, 1,45,300. పోస్టు చెప్పే 1998 నాటికి సుమారు 86,000. ఈ తగ్గుదలలో డిజిటల్ కెమెరా పాత్ర లేనట్టే. 1994లో రసాయనాల విభాగాన్ని ఈస్ట్‌మన్ కెమికల్ పేరుతో వేరు చేశారు. అమెరికాలో జపాన్ ఫిల్మ్ కంపెనీ ఫ్యూజీ రీళ్లు చవగ్గా అమ్మి కొడాక్ గిరాకీ లాక్కుంది. 1997 నవంబర్‌లో 10,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు కొడాక్ ప్రకటించింది. అది ఫిల్మ్‌తో ఫిల్మ్‌కి జరిగిన పోటీ.

85 శాతం కూడా అంతే. 1976లో అమెరికాలో అమ్ముడైన కెమెరాల్లో 85 శాతం కొడాక్‌వని ఒక లెక్క బాగా ప్రచారంలో ఉంది. పోస్టులోకి వచ్చింది అదేనని నా అనుమానం. ఏడు మారింది, దేశం మారింది, సరుకూ మారింది. 1998లో ప్రపంచ మార్కెట్ అంతా గుప్పిట్లో ఉన్న కంపెనీయే అయితే, జపాన్‌లో ఫ్యూజీ మమ్మల్ని అమ్ముకోనివ్వడం లేదని గోల చేసి, ఆ గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి ఓడిపోయే అవసరం ఎందుకొస్తుంది?

మూడేళ్లలో ఫిల్మ్ పోయిందన్న మాట మన ఊళ్లలో పెళ్లి ఆల్బమ్‌లు తిరగేసినా నిలబడదు. 2001లో జరిగిన పెళ్లిళ్లకి నెగెటివ్‌లు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. రీలు కెమెరాల అమ్మకం అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో ఆపేస్తున్నామని 2004 జనవరిలో కొడాక్ ప్రకటించినప్పుడు, భారత్, చైనా లాంటి చోట్ల కొనసాగిస్తామనే చెప్పింది.

మూర్ సూత్రం సంగతి మనమే లెక్క వేసుకోవచ్చు. 1975లో 10,000 పిక్సెళ్లు రెండేళ్లకోసారి రెట్టింపవుతూ పోతే 1999కి 4 కోట్లు దాటాలి. ఆ ఏడు కొడాక్ తెచ్చిన డీసీ280లో ఉన్నవి 20 లక్షలు. ఆ సూత్రం చిప్ మీద పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్య గురించి. పిక్సెల్ పని వెలుతురు పట్టడం. దాన్ని మరీ చిన్నది చేస్తే అందే వెలుతురూ తగ్గి ఫోటోలో గరుకు తేలుతుంది.

చివరిగా దివాలా. కొడాక్ కోర్టుకెక్కింది 2012 జనవరిలో, అంటే పోస్టు చెప్పే 1998కి 14 ఏళ్ల తర్వాత. 2013 సెప్టెంబర్‌లో చిన్న కంపెనీగా బయటపడింది. రోచెస్టర్‌లో ఇవాళ్టికీ సినిమా ఫిల్మ్, ఫోటో రీళ్లు తయారవుతూనే ఉన్నాయి. ఆ మధ్యలో నలిగింది మనుషులు. దివాలా ఒప్పందంలో భాగంగా అమెరికాలోని కొడాక్ రిటైర్డ్ ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే ఆరోగ్య సాయం 2012తో ఆగిపోయింది. ఆ వేలమందిలో డిజిటల్ కెమెరాలు తయారుచేసినవాళ్లూ ఉన్నారు. ముందుచూపు లేనివాళ్లకి ఉదాహరణగా పోస్టు చూపిస్తున్నది వీళ్లనే.