రెండూ గేదరింగే తీసుకోమనే సలహా ఎందుకు తప్పు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్ మొదలుపెట్టిన ప్రతి కొత్త ప్లేయర్‌కీ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు: "మైనింగ్ (ఖనిజాలు తవ్వడం), హెర్బలిజం (మూలికలు కోయడం) తీసుకో. దొరికిందంతా అమ్ముకో. క్రాఫ్టింగ్ డబ్బు దండగ, లెవెల్ 60 (ఆఖరి లెవెల్) అయ్యాక చూసుకోవచ్చు. అప్పుడు కూడా క్లాస్‌ని (క్యారెక్టర్ రకాన్ని) బట్టే: వారియర్‌కి బ్లాక్‌స్మితింగ్, మేజ్‌కి టైలరింగ్. ఇంజినీరింగ్ పీవీపీ (ప్లేయర్ల మధ్య పోరు) ఆడేవాళ్లకి మాత్రమే." 2019 ఆగస్టులో క్లాసిక్ విడుదలైనప్పటి నుంచీ ఇది చేతులు మారుతూనే ఉంది. ఒక క్యారెక్టర్‌కి ప్రైమరీ ప్రొఫెషన్లు, అంటే ముఖ్యమైన వృత్తులు, రెండే ఉంటాయి. ముడిసరుకు పోగుచేసేవి గేదరింగ్, దాంతో వస్తువులు తయారుచేసేవి క్రాఫ్టింగ్. ఒకటి వదిలేస్తే దాని స్కిల్ మొత్తం పోతుంది, మళ్లీ నేర్చుకుంటే 1 నుంచి మొదలు. అంత ఖరీదైన నిర్ణయాన్ని ఇలాంటి సలహా మీద వదిలేయడం నాకు నచ్చదు.

ఇందులో నిజం కొంత ఉంది, ముందు అది చెప్పాలి. గేదరింగ్‌కి పెట్టుబడి అక్కర్లేదు. లెవెల్ 40లో మౌంట్‌కి (స్వారీ జంతువుకి) డిస్కౌంట్లు లేకపోతే 100 గోల్డ్ కావాలి, మొదటి క్యారెక్టర్‌కి అది చిన్న మొత్తం కాదు. ఒక గేదరింగ్ ప్రొఫెషన్ ఉంటే ఆ గోల్డ్ సులువుగా పోగవుతుంది. అంతవరకూ ఒప్పుకుంటాను.

కానీ మైనింగ్, హెర్బలిజం రెండింటినీ కలిపి తీసుకోమనడం ఆట ఆడి చెప్పిన మాటలా లేదు. క్లాసిక్‌లో మినీమ్యాప్ మీద ఒకసారికి ఒక్క ట్రాకింగే పనిచేస్తుంది. ఖనిజాలు కనబడుతుంటే మూలికలు కనబడవు, మూలికల కోసం మారిస్తే ఖనిజాలు మాయమవుతాయి. దారి పొడుగునా ఒకటి నొక్కి, మళ్లీ రెండోది నొక్కి వెళ్లాలి. మర్చిపోయినప్పుడల్లా పక్కనే ఉన్న టిన్ వెయిన్ (తగరపు ఖనిజం) దాటి వెళ్లిపోతారు. హంటర్ అయితే జంతువుల ట్రాకింగ్ కూడా ఆ ఒక్క చోటికే పోటీ. రెండూ గేదరింగే కావాలంటే ఒకటి స్కిన్నింగ్ పెట్టుకోండి. దానికి ట్రాకింగ్ అక్కర్లేదు, బ్యాగులో కత్తి ఉంటే చాలు. క్వెస్టుల కోసం ఎలాగూ చంపే జంతువుల తోలే కదా.

ఇక అసలు విషయం, "క్రాఫ్టింగ్ డబ్బు దండగ" అన్నది. ఎవరైనా రాగి చొక్కా చేసి, ప్లేయర్లు సరుకు అమ్ముకునే ఆక్షన్ హౌస్‌లో పెడితే నష్టమే. స్కిల్ పెంచుకోవడానికి సర్వర్ మొత్తం అదే చేస్తుంటుంది కాబట్టి ముడిసరుకు ధర కూడా రాదు, పైగా అమ్ముడైతే 5 శాతం కోత. ఈ అనుభవంతోనే చాలామంది క్రాఫ్టింగ్ మొత్తాన్ని కొట్టిపారేస్తారు. అమ్ముడయ్యేవి వేరే ఉన్నాయి: వాడితే అయిపోయేవి, ప్రతి క్యారెక్టర్‌కీ కావాల్సినవి. పోషన్లు, హంటర్ల తూటాలు, బ్యాగులు.

వెస్ట్‌ఫాల్‌లో డిఫయస్ దొంగల్ని కొడుతుంటే లినెన్ క్లాత్ వద్దన్నా వచ్చి పడుతుంది. టైలరింగ్ స్కిల్ 45కి చేరితే దాంతో ఆరు గడుల లినెన్ బ్యాగ్ కుట్టొచ్చు, ఖర్చు దారం డబ్బులే. నాలుగు కుట్టుకుంటే మీ బ్యాగుల సమస్య తీరుతుంది, ఐదోది అమ్ముకోవచ్చు. పక్కనే ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రశక్తి జోడించే ప్రొఫెషన్) ఉంటే ఇంకా మేలు. క్వెస్టులో వచ్చి సోల్‌బౌండ్ అయిన (అంటే ఇంకో ప్లేయర్‌కి ఇవ్వడానికి వీల్లేకుండా మీకే బైండ్ అయిన) ఆకుపచ్చ వస్తువుని ఎన్‌చాంటర్ కానివాళ్లు వెండర్‌కి (ఆటలోని దుకాణదారుకి) ఇచ్చేయడం తప్ప దారి లేదు. ఎన్‌చాంటర్ దాన్ని డిస్ఎన్‌చాంట్ చేస్తే (విడగొడితే) డస్ట్, ఎసెన్స్ వస్తాయి, అవి ఆక్షన్ హౌస్‌లో పోతాయి. స్కిల్ 10కే లెసర్ మ్యాజిక్ వాండ్ అనే మంత్రదండం చేయొచ్చు. లెవెల్ 5 మేజ్‌కో ప్రీస్ట్‌కో ఆ వాండ్ ఉంటే లెవెలింగ్ తీరే మారిపోతుంది. ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. క్లాసిక్‌లో ఎన్‌చాంట్‌ని ఆక్షన్‌లో పెట్టలేం, ఊళ్లో నిలబడి కస్టమర్‌ని పిలిచి ట్రేడ్ విండోలోనే చేయాలి. అంత ఓపిక లేనివాళ్లు డస్ట్ అమ్ముకోవడమే నయం.

"60 అయ్యాక చూసుకోవచ్చు" అన్నది నాకు అన్నిటికంటే నష్టం చేసే మాటగా కనిపిస్తుంది. క్రాఫ్టింగ్‌లో స్కిల్‌ని 300 దాకా తీసుకెళ్లే ఆర్టిసన్ ర్యాంకు లెవెల్ 35కే దొరుకుతుంది. ఆల్కెమిస్ట్ (పోషన్లు చేసేవాడు) స్కిల్ 275కి చేరితే గాడ్జెట్‌జాన్ ఊళ్లో రెసిపీ కొని ఒక ఆర్కేన్ క్రిస్టల్, ఒక థోరియం బార్ కలిపి ఆర్కనైట్ అనే లోహం చేయగలడు. అది రెండు రోజులకు ఒక్కసారే అవుతుంది. ఆర్కనైట్ రీపర్ గొడ్డలికి 20 బార్లు కావాలి. ఒక్క ఆల్కెమిస్టే అన్నీ చేయాలంటే మొదటి దానికీ ఆఖరి దానికీ మధ్య 38 రోజులు. ఆర్కనైట్‌కి గిరాకీ అక్కడి నుంచి వస్తుంది. లెవెల్ 35 ఆల్ట్ (రెండో క్యారెక్టర్) ఊళ్లో కూర్చునే ఆ పని చేస్తుంటే, 60 కోసం ఆగినవాడు ఆ వారాలన్నీ పోగొట్టుకుంటాడు. పైగా 60లో మొదలుపెడితే మళ్లీ రాగి, లినెన్ దగ్గరికే రావాలి. పెద్ద లెవెల్ వాళ్లు తిరిగే వింటర్‌స్ప్రింగ్‌లో రాగి దొరకదు. కొత్తవాళ్లు తగ్గిన సర్వర్‌లో ఆ చౌక సరుకే ఖరీదవుతుంది.

క్లాస్‌ని బట్టి ప్రొఫెషన్ అనేదానికి సమాధానం వస్తువు మీదే రాసి ఉంటుంది. ఆర్కనైట్ రీపర్ వేసుకుంటేనే బైండ్ అవుతుంది, అంటే ఎవరు చేసినా కొనుక్కోవచ్చు. వారియర్లు ఎగబడే డెవిల్‌సార్ సెట్ కూడా అంతే. అది తోలు, చేసేది లెదర్‌వర్కర్. రోబ్ ఆఫ్ ది ఆర్క్‌మేజ్ సంగతి వేరు. చేతికి రాగానే బైండ్ అవుతుంది కాబట్టి అది కావాలనుకునే మేజ్ టైలరింగ్ నేర్చుకోక తప్పదు. కాబట్టి ముందు మీకు ఏ వస్తువు కావాలో చూసి, అది ఎప్పుడు బైండ్ అవుతుందో చదవండి. క్లాస్ పేరు మీకు ఆ సంగతి చెప్పదు.

ఇంజినీరింగ్ పీవీపీకే అనేవాళ్లు రెయిడ్‌లో (పెద్ద బృందంగా వెళ్లే దాడిలో) గాబ్లిన్ శాపర్ చార్జ్ అనే బాంబు పేలడం చూడలేదేమో. గుంపుగా వచ్చే శత్రువుల మీద దాని దెబ్బ పెద్దది, వాడాలంటే ఇంజినీరింగ్ ఉండాల్సిందే. ఫీల్డ్ రిపేర్ బాట్ 74ఏ ఒక్కరి దగ్గరున్నా రెయిడ్ మధ్యలో అందరి కవచాలూ బాగవుతాయి. అమ్మకాల మీద ఆదాయం తక్కువే, నిజం. డబ్బు కోసమైతే తీసుకోవద్దు. గిల్డ్‌తో (ప్లేయర్ల సంఘంతో) రెయిడ్లకి వెళ్లాలనుకుంటే మాత్రం తప్పకుండా ఆలోచించండి.

ఆ సలహా అసలు ముట్టుకోని ఫస్ట్ ఎయిడ్ గురించి ఒక మాట. ఇది సెకండరీ, కాబట్టి ఆ రెండు స్లాట్లలో ఏదీ ఖర్చవదు. లెవెల్ 35లో అలయన్స్ అయితే థెరమోర్‌కి, హోర్డ్ అయితే హామర్‌ఫాల్‌కి వెళ్లి, ట్రయాజ్ క్వెస్టులో 15 మంది క్షతగాత్రుల్ని కాపాడితే ఆర్టిసన్ అవుతారు. తర్వాత వచ్చే హెవీ రూన్‌క్లాత్ బ్యాండేజ్ 8 సెకన్లలో 2000 హెల్త్ తిరిగిస్తుంది. టైలరింగ్ తీసుకున్నవాళ్లు వచ్చిన క్లాత్ మొత్తం కుట్టేయకుండా కొంత బ్యాండేజ్‌లకి విడిగా ఉంచుకోండి.