సిలబస్‌లోంచి తీసేశారు సరే, పిల్లలకు సోడియం ఎవరు చూపిస్తారు?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఈమధ్య క్లాసులో తరచూ వినిపిస్తున్నది ఇదే: "సార్, ఎస్-బ్లాక్ నీట్‌లో లేదు కదా, వదిలేద్దాం." ఎస్-బ్లాక్ అంటే పీరియాడిక్ టేబుల్‌లో సోడియం, లిథియం లాంటి లోహాలుండే ఎడమ చివర. పిల్లల మీద నాకేం కోపం లేదు. 2022లో పిల్లల మీద చదువు బరువు తగ్గిస్తున్నామంటూ ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతిలో ఎస్-బ్లాక్ పాఠాన్ని మొత్తంగా ఎత్తేసింది. పన్నెండులో ఫ్లోరిన్, క్లోరిన్ లాంటి హాలోజన్లున్న పి-బ్లాక్ పాఠమూ పోయింది. 2024 నీట్ సిలబస్‌లోనూ ఎస్-బ్లాక్ లేదు. పరీక్షలో రాదని తెలిశాక మన ఊళ్ళో ర్యాంకుల కోసం పరిగెత్తే కాలేజీలు దాన్ని ముట్టుకుంటాయా?

నా బాధ మార్కుల గురించి కాదు. పీరియాడిక్ టేబుల్ ఎలా పని చేస్తుందో కళ్ళకు కట్టినట్టు చెప్పేవి ఆ రెండు చివర్లే. ఒకవైపు ఒక ఎలక్ట్రాన్ వదిలించుకోవాలని చూసే సోడియం లాంటి క్షార లోహాలు, ఇంకోవైపు ఒక ఎలక్ట్రాన్ కోసం చూసే హాలోజన్లు. ఇప్పుడు వీటి గురించి మిగిలింది రెండే ముక్కలు: "కిందికి పోయేకొద్దీ లోహాల చురుకుదనం పెరుగుతుంది, హాలోజన్లలో తగ్గుతుంది." ముక్కలు నిజమే. కానీ అసలు కెమిస్ట్రీ ఆ తర్వాతే మొదలవుతుంది.

లిథియం సంగతే చూడండి. దాని ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ మైనస్ 3.04 వోల్టులు, సోడియానిది మైనస్ 2.71. ఈ అంకె ఎంత మైనస్‌లో ఉంటే నీటి ద్రావణంలో ఆ లోహం ఎలక్ట్రాన్ వదలడానికి అంత మొగ్గు చూపుతుందన్నమాట. నీటితో చర్యలో ఒక మోల్‌కు ఎక్కువ వేడి ఇచ్చేదీ లిథియమే. అయినా నీళ్ళలో వేస్తే నెమ్మదిగా బుడగలు వదులుతూ తేలుతుందంతే. ఎందుకు? లిథియం కరగాలంటే 180 డిగ్రీలు కావాలి, సోడియానికి 98 చాలు. చర్యలో పుట్టిన వేడికే సోడియం కరిగి గుండ్రంగా అయిపోతుంది, లిథియం గట్టిగానే ఉండిపోతుంది. పైగా నీటి సంగతి పక్కనపెట్టి విడి పరమాణువును చూస్తే, లిథియం నుంచి ఎలక్ట్రాన్ లాగడం సోడియం కంటే కష్టం. ఎంత శక్తి వస్తుందన్నది వేరు, ఎంత వేగంగా వస్తుందన్నది వేరు. ఇంత పెద్ద సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

అటువైపు హాలోజన్లలోనూ ఇలాంటిదే ఉంది. ఎలక్ట్రాన్ చేరినప్పుడు ఎక్కువ శక్తి వదిలేది ఫ్లోరిన్ కాదు, క్లోరిన్. మోల్‌కు క్లోరిన్‌ది 349 కిలోజౌళ్ళు, ఫ్లోరిన్‌ది 328. ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది, ఉన్న ఎలక్ట్రాన్లే ఇరుకులో ఉంటాయి. మరి అన్నిటికంటే చురుకైనది ఫ్లోరిన్ ఎలా అయింది? రెండు ఫ్లోరిన్ల మధ్య బంధం బలహీనం, 158 కిలోజౌళ్ళకే తెగిపోతుంది. క్లోరిన్‌కు 242 కావాలి. పైగా ఎలక్ట్రాన్ చేరాక ఏర్పడే చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ను నీరు గట్టిగా పట్టుకుంటుంది. ఇది విన్నాక ముందు బెంచీ వాళ్ళే కాదు, వెనక బెంచీ వాళ్ళూ తలెత్తుతారు.

సోడియం నీళ్ళలో ఎందుకు పేలుతుందన్నది తేలిపోయిన విషయమనే అందరూ అనుకున్నారు. 2015లో చెక్ రసాయన శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం హై స్పీడ్ కెమెరాతో తీసి చూస్తే, ఎలక్ట్రాన్లు నీళ్ళలోకి దూకేయడంతో లోహంలో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుని లోహం ముళ్ళు ముళ్ళుగా చీలుతోందని తేలింది. ఇంత పాత ప్రయోగంలోనూ కొత్త సంగతి దొరికింది. అది పాత సరుకని మనం పుస్తకంలోంచి తీసేశాం!

పిల్లలకు సోడియాన్ని ఒక్కసారి చూపించండి చాలు. కిరోసిన్ సీసాలోంచి పట్టకారుతో తీసి కత్తి పెడితే గట్టి జున్ను తెగినట్టు తెగుతుంది. తెగిన చోట వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారుతుంది. బియ్యపు గింజంత ముక్కను, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసిన నీళ్ళ తొట్టెలో వదిలితే సుయ్‌మంటూ పరుగులు తీస్తుంది, వెనకే గులాబీ రంగు చార. కళ్ళద్దాలు, అడ్డుగా పారదర్శక తెర, అనుభవమున్న లెక్చరర్ తప్పనిసరి. సీజియం దాకా పోనక్కర్లేదు. అది 28.5 డిగ్రీలకే కరుగుతుంది, మన మే నెల ఎండకు సీసాలో ద్రవంగానే ఉంటుంది. దానికి వీడియో చాలు.

కాలేజీల్లో కుదరకపోతే అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, ఏర్పేడులో సైన్స్ చదువుల, పరిశోధనల సంస్థ ఐసర్, ఐఐటీ ఉన్నాయి, ఎస్వీ యూనివర్సిటీ ఉంది. నెలకొకసారి ఇంటర్ పిల్లలకు ఈ ప్రయోగం చూపించమని వాళ్ళను అడుగుదాం. లెక్చరర్లు ముందుకొస్తే నేనూ వస్తాను. అమ్మానాన్నలకు ఒకటే విన్నపం: అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ఫీజు, ఏసీ గదుల గురించి అడుగుతారు కదా, ల్యాబ్ తాళం వారానికి ఎన్నిసార్లు తీస్తారో కూడా అడగండి.